కప్ప మాస్టారి రాత్రి మాత్ర

ఈతకొలనులో ఆయన్ని కప్ప మాస్టారు అని తప్ప వేరేగా పిలిచినవాళ్ళు లేరు. కాళ్ళు ముడిచి తన్నే కప్ప ఈత ఆయన నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరన్నది ఒక కారణం. అరిచేటప్పుడు గొంతు బెకబెకమంటుందన్నది ఇంకో కారణం. మొదటిది ఆయన చెప్పుకునేది, రెండోది పిల్లలు చెప్పుకునేది.

ఇరవై రెండేళ్ళుగా అదే పని. పొద్దున రెండు తరగతులు, సాయంత్రం ఒకటి. మిగతా వేళల్లో లోతువైపు గట్టు మీద, ఏడు మెట్ల ఇనుప కుర్చీ ఎక్కి నీళ్ళను చూస్తూ కూర్చోవడం. చూడటం కూడా ఒక పనేనా అని బయటివాళ్ళు నవ్వుతారు. కానీ మునిగేవాళ్ళు అరవరు, చేతులూపరు. చప్పుడు లేకుండా నిలువునా కిందికి జారిపోతారు. అందుకే కుర్చీ ఎక్కినవాళ్ళు ఊరికే చూస్తే చాలదు, తలలు లెక్కపెడుతూనే ఉండాలి. పన్నెండు, మళ్ళీ పన్నెండు, మళ్ళీ పన్నెండు.

ఎండాకాలంలో ఒకరోజు పదకొండు వచ్చింది.

తొమ్మిదేళ్ళ పిల్ల, అడుగున పలకల మీద బోర్లా పడి ఉంది. మాస్టారు దూకాడు, తీశాడు, గట్టున పడుకోబెట్టి నోటిలో ఊపిరి ఊదాడు. నాలుగో ఊపిరికి ఆ పిల్ల దగ్గి, నీళ్ళు కక్కి, "నా టోపీ ఏది?" అని అడిగింది. రెండ్రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. నెల తిరక్కుండానే మళ్ళీ ఈతకొచ్చింది. వాళ్ళమ్మ మాస్టారి చేతులు పట్టుకుని ఏడ్చింది. మేనేజరమ్మ అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. అందరికీ కథ కంచికెళ్ళింది, ఒక్క మాస్టారికి తప్ప.

ఆ రోజు నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే అడుగున నీలం పలకలు, వాటి మీద ఒక చిన్న వీపు. పదకొండు అని లెక్క తేలక ముందు, పన్నెండు అని ఎప్పుడు లెక్కపెట్టాను? ఆ మధ్యలో ఎంతసేపు? తెల్లవార్లూ ఇదే ప్రశ్న. జవాబు దొరికేది కాదు. తిండి సయించడం మానేసింది. ఇష్టంగా చేసే పని ఒక్కటీ ఇష్టంగా లేదు. మాట్లాడితే ముక్తసరిగా ఒక ముక్క. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు.

ఆయన భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములకి అద్దాలు బిగించే పని చేసేది. మొదట్లో, "పిల్ల బతికింది కదండీ, జరగనిదానికి ఇంతలా కుంగిపోతారా?" అంది. ఆ మాట ఆయనకి ఇంకా గుచ్చుకుంటోందని గమనించి మానేసింది. చివరికి ఒకరోజు సెలవు పెట్టి, ఆయన్ని బయల్దేరదీసి డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. లోపలికి రావద్దని ఆయనే అన్నాడు.

డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, చీటీ రాస్తూ చెప్పింది.

"ఇది నిద్రమాత్ర కాదండీ. దిగులుకిచ్చే మందు. కాకపోతే దీనికి మత్తు గుణం ఉంది కాబట్టి నిద్ర ముందొస్తుంది. మనసు తేలికపడటానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది, తొందరపడకండి. మొదటి వారం సగం, తర్వాత ఒకటి. రాత్రి ఏదైనా తిన్నాకే వేసుకోండి. నోరెండుతుంది. గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి, కాసేపు కూర్చుని లేవండి. ఈ మందు వాడినన్నాళ్ళు ఆ మందు ముట్టుకోకండి."

"అలవాటు లేదండీ."

"జలుబుకీ దగ్గుకీ సొంతంగా ఏ మాత్రా వేసుకోవద్దు. నన్నడగండి, లేదా మందుల షాపులో ఇది వాడుతున్నానని చెప్పి అడగండి. బాగైపోయిందనో, బాగవలేదనో ఉన్నట్టుండి ఆపెయ్యొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యండి. అలాంటివేమైనా వస్తున్నాయా?"

"లేదండీ." అది నిజమే.

"ఇంతకీ మీరేం పని చేస్తారు?"

మాస్టారు ఆమె చేతిలో చీటీ వైపు చూశాడు. ఉన్నది చెబితే ఈవిడ కాగితం రాస్తుంది. ఆ కాగితం మేనేజరమ్మ చేతికి వెళుతుంది. కుర్చీ పోతుంది. కుర్చీ లేని కప్ప మాస్టారు ఎవరికి కావాలి?

"నీళ్ళాఫీసులో గుమాస్తానండీ," అన్నాడు. "కుర్చీలో కూర్చునే పని."

"అయితే ఫర్వాలేదు. మొదట్లో బండి మాత్రం నడపకండి," అంది డాక్టరమ్మ.

బయట భార్య, "పని సంగతి అడిగారా? ఏమన్నారు?" అంది.

"ఫర్వాలేదన్నారు," అన్నాడు. అది అబద్ధం కాదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ రాత్రి సగం మాత్ర వేసుకున్నాడు. అరగంటకి ఎవరో భుజాలు పట్టి మెత్తగా కిందికి దించినట్టయింది. కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ. రెండు నెలల తర్వాత ఆరు గంటల నిద్ర! భార్య ఆయన మొహం చూసి గడపలోనే నిలబడిపోయింది. అయితే లేచి పళ్ళు తోముకుంటుంటే మాస్టారికి తల మీద తడి దుప్పటి కప్పినట్టు ఉంది. నాలుక పీచులా ఎండింది. పది గంటలకి గానీ ఆ దుప్పటి జారలేదు. పొద్దుటి తరగతి మొదలయ్యేది ఏడింటికి.

అక్కడి నుంచి ఆయన దొంగకు తేలు కుట్టినట్టు బతికాడు. కుర్చీ ఎక్కగానే పెదవులు కదుపుతూ లెక్కపెట్టేవాడు. ఐదు నిమిషాలకోసారి తొడ గిల్లుకునేవాడు. మెడకి తడిగుడ్డ చుట్టుకునేవాడు. మాత్ర వేసుకోకపోతే నిద్ర లేక కళ్ళు మూతలు పడతాయి. వేసుకుంటే మందు మత్తుకి మూతలు పడతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇదివరకు ఒక భయమే ఉండేది, జరిగిపోయినదాని గురించి. ఇప్పుడు జరగబోయేదాని గురించి రెండోది తోడైంది. లోతు తక్కువ వైపు కాపలా కాసే అమ్మాయి ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. "ఏంటి బాబాయ్, గొణుక్కుంటున్నావు? జపమా?" అని ఆ అమ్మాయి అడిగితే, "అవును, నీకు పెళ్ళి కావాలని," అని మాట దాటేశాడు.

విచిత్రమేమిటంటే మందు పనిచేసింది. నాలుగో వారానికి పొద్దుటి బరువు కొంత తగ్గింది. ఆకలి వేసింది. ఒకరోజు ఒక లావుపాటి పెద్దాయన రబ్బరు చక్రంలో ఇరుక్కుని, "నన్ను ఇలాగే ఇంటికి దొర్లించెయ్యండి," అంటే మాస్టారు కడుపుబ్బ నవ్వాడు. నవ్వాక ఉలిక్కిపడ్డాడు, ఆ నవ్వు ఎవరిదా అని. భార్యకి చెబితే ఆమె వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఐదో వారంలో జలుబు పట్టింది. ముక్కు దిబ్బడ, తుమ్ములు. సొరుగులో కిందటేడాది జలుబు మాత్రలు నాలుగు మిగిలి ఉన్నాయి. డాక్టరమ్మ మాట గుర్తు రాకపోలేదు. జలుబు మాత్రే కదా, చిన్న బిళ్ళ, అదేం చేస్తుందిలే అనుకున్నాడు. రాత్రి మాత్రతో పాటు ఒకటి, మర్నాడు మధ్యాహ్నం తిన్నాక ఒకటి వేసుకున్నాడు.

ఆ సాయంత్రం నాలుగింటి తరగతికి కొత్తగా చేరిన కుర్రమాస్టరు పాఠం చెబుతున్నాడు, కప్ప మాస్టారు కుర్చీ ఎక్కాడు. నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది. పన్నెండు. మళ్ళీ పన్నెండు. గోడ గడియారంలో నాలుగూ పదహారు. మళ్ళీ...

లోతువైపు నీళ్ళలో ఎవరూ లేరు.

ఒక్క తలా లేదు. తేరిపార చూస్తే పిల్లలు అవతలి గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉన్నారు. కుర్రమాస్టరు చేతులు తిప్పుతూ ఏదో చూపిస్తున్నాడు. వాళ్ళు నీళ్ళలోంచి ఎప్పుడు ఎక్కారు? ఆయన చూడలేదు. గడియారంలో నాలుగూ ఇరవై. నాలుగు నిమిషాలు! తొడ మీద గిల్లుకున్న చెయ్యి అలాగే ఉంది.

ఎవరూ గమనించలేదు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట ఒక్క క్షణం మనసులో మెదిలింది. తోకముడిచి అలాగే కూర్చుని ఉండేవాడేమో కూడా. అంతలో కుర్రమాస్టరు, "సరే, అందరూ మళ్ళీ నీళ్ళలోకి!" అన్నాడు. మొదటి పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని మూడుసార్లు గట్టిగా ఊదాడు. మూడు విజిళ్ళంటే అందరూ ఉన్నపళంగా బయటికి రావాలని. లోతు తక్కువ వైపు ఉన్నవాళ్ళు గబగబా గట్టెక్కారు. గ్యాలరీలో తల్లిదండ్రులు లేచి నిలబడ్డారు. మాస్టారు కుర్చీలోంచి చివాలున లేచాడు. మూడో మెట్టు మీద కళ్ళు చీకట్లు కమ్మాయి. తర్వాత తెలిసింది గట్టు పలకల చల్లదనం, నోట్లో ఉప్పగా నెత్తురు.

"ఎవరు బాబాయ్? ఎవరు మునిగారు?" కాపలా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరూ మునగలేదమ్మా. నేనే. నిద్రపోయాను. నువ్వు ఎక్కు కుర్చీ, ముందు నువ్వెక్కు."

ఆ మాట గ్యాలరీ దాకా వినిపించింది. ఒక తండ్రి కటకటాలు పట్టుకుని అరిచాడు. "నిద్రపోయావా? మా వాణ్ణి నీళ్ళలో వదిలి నిద్రపోయావా?"

గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. మేనేజరమ్మ, "ఇంటికెళ్ళండి. నేను పిలిచేదాకా రావొద్దు," అని మాత్రం అంది. మాత్ర సంగతి ఆయన అప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చి, భార్యతో మెట్లు జారానని చెప్పి, మాత్రల డబ్బా బీరువా మీదికి విసిరేశాడు. ఈ పాడు మందు వల్లే ఇదంతా, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అసలు అవస్థ అప్పుడు మొదలైంది. మొదటి రాత్రి నిద్ర రాలేదు సరికదా, కూర్చోనివ్వని, పడుకోనివ్వని ఒక గాభరా పట్టుకుంది. రెండో రోజు చెమటలు, చేతుల్లో వణుకు. పక్కింట్లో తలుపు చప్పుడైతే ఎగిరిపడ్డాడు. మూడో రోజు పొద్దున ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ, "నాకు పిచ్చెక్కుతోందేమో," అన్నాడు.

భార్య బీరువా మీంచి డబ్బా దింపింది. అందులో మడతలు మడతలుగా ఉన్న కాగితం తీసింది. అక్షరాలు చీమ తలకాయలంత. దుకాణంలో అద్దాలు పరీక్షించే భూతద్దం సంచిలోంచి తీసి, కిటికీ దగ్గర నిలబడి వేలు పెట్టి చదివింది.

"'ఒక్కసారిగా ఆపితే ఆందోళన, వణుకు, నిద్రలేమి కలగవచ్చు.' ఆపేశారు కదూ?"

ఆయన తల దించుకున్నాడు.

"'జలుబు, దగ్గు మందులతో కలిపితే మత్తు ఎక్కువ కావచ్చు.' సొరుగులో మాత్రలు నాలుగుండాలి, రెండే ఉన్నాయి." ఆమె వేలు ఇంకో వరసకి జారింది. "'యంత్రాలు నడిపేవారు, అప్రమత్తంగా ఉండవలసిన పనులు చేసేవారు వైద్యునికి చెప్పవలెను.' నేనడిగితే ఫర్వాలేదన్నారన్నారు. ఏం చెప్పారండీ ఆవిడకి?"

"నీళ్ళాఫీసులో గుమాస్తానని."

ఆమెకి నవ్వు రావాల్సిన మాటే. రాలేదు. భూతద్దం బల్ల మీద పెట్టి, "పదండి," అంది.

ఈసారి ఇద్దరూ లోపలికెళ్ళారు. మాస్టారు చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు: పదకొండు లెక్క, కుర్చీ, జలుబు మాత్రలు, నాలుగు నిమిషాలు. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"నేను మీకు మందు రాయలేదు, ఎవరో గుమాస్తాకి రాశాను," అంది. కోపంగా అనలేదు గానీ మాస్టారికి చెంప మీద కొట్టినట్టే తగిలింది. "మందు మీకు పడింది, అది మంచి విషయం. తప్పు మాత్రది కాదు. జలుబు మాత్ర దానికి తోడై మత్తు రెట్టింపు చేసింది. కుర్చీలోంచి ఒక్కసారిగా లేచారు కాబట్టి రక్తపోటు పడిపోయి కళ్ళు తిరిగాయి. ఇవాళ రాత్రి నుంచి మళ్ళీ సగంతో మొదలుపెడదాం. ఇంకాస్త పెందలాడే, ఎనిమిదింటికే తినేసి వేసుకోండి. పొద్దున తల దిమ్ముగా ఉందో లేదో రోజూ ఒక పుస్తకంలో రాయండి. ఎప్పుడైనా మానాలంటే మెల్లగా తగ్గిస్తూ మానుదాం, నేను చెప్పినట్టు. నేను ఒప్పుకునేదాకా కుర్చీ ఎక్కకూడదు. అది నేను కాగితం మీద రాసిస్తాను."

ఏ కాగితానికి భయపడి అబద్ధం ఆడాడో, ఆ కాగితమే జేబులో పెట్టుకుని మర్నాడు మేనేజరమ్మ గదిలో నిలబడ్డాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"మందు వేసుకున్నందుకు కాదు మాస్టారూ నా కోపం. మా నాన్నకి బీపీ మాత్ర ఉంది, మా కొలనుకి క్లోరిన్ ఉంది, ఎవరి మందు వాళ్ళకి కావాలి. ముందే చెప్పుంటే కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టేదాన్ని. మీరు చెప్పకుండా పన్నెండుమంది పిల్లల్ని పందెం కాశారు."

"అవునండీ."

"ఆ విజిల్ ఊదకపోతే ఇవాళ మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేదాన్ని." ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టింది. "పంపు గదికి వెళ్ళండి. అక్కడ చెయ్యి కావాలి."

పంపు గది కొలను కింద ఉంటుంది. పైన పిల్లల అరుపులు గోడల్లోంచి గుయ్యిమని వినిపిస్తాయి. అక్కడి మెకానిక్కుని అందరూ మామ అనేవారు. మామ నోరు తెరిస్తే జోకు. మాస్టారు దిగిరాగానే, "రా రా! పైన కప్ప, కింద ఎలుక! ఇవాళ్టి నుంచి మనమిద్దరం చుట్టాలం," అన్నాడు. ఫిల్టరులో ఇసుకని వెనక్కి నీళ్ళు తోసి కడగడం, పంపు వడపోత బుట్టలోంచి వెంట్రుకలూ ఆకులూ తియ్యడం, గంటకోసారి క్లోరిన్ కొలిచి పలక మీద రాయడం నేర్పాడు. మాస్టారు తల వంచుకుని చేశాడు. ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని మానిపించారని తెలిసిన రోజు భోజనం డబ్బా మూత తియ్యలేదు. "తినవయ్యా," అన్నాడు మామ. "నీ ఆకలి చచ్చిందని వాళ్ళు తిరిగొస్తారా?"

సగం మాత్ర మళ్ళీ ఒకటైంది. పుస్తకంలో మొదట రోజూ 'దిమ్ము' అని ఉండేది. తర్వాత 'కొంచెం'. తర్వాత వరసగా పదిహేను రోజులు 'లేదు'. రాయడానికి కూడా ఆయన భయపడేవాడు, మళ్ళీ తనని తాను మోసం చేసుకుంటున్నానేమోనని. అందుకని పొద్దున ఆయన రాసింది భార్య చూసి, ఆయన నడక చూసి, అవునంటేనే ఉంచేవాళ్ళు. ఒకరోజు ఆమె 'లేదు' కొట్టేసి 'కొంచెం' అని దిద్దింది. ఆయన వాదించలేదు.

రెండున్నర నెలలకి డాక్టరమ్మ ఒప్పుకుంది. మేనేజరమ్మ సగమే ఒప్పుకుంది. సాయంత్రం పూట మాత్రమే, అదీ అరగంట చొప్పున, పక్కన కాపలా అమ్మాయి ఉండగా. మాస్టారు కుర్చీ ఎక్కిన రోజు గ్యాలరీలో అదే తండ్రి ఉన్నాడు. మాస్టారినే చూస్తూ, చేతులు కట్టుకుని, అరగంటా నిలబడే ఉన్నాడు. మాస్టారికి చొక్కా తడిసిపోయింది. నిద్ర ఎక్కడా లేదు, భయం మాత్రం ఉంది. ఎనిమిది తలలు. మళ్ళీ ఎనిమిది. "నాకూ ఎనిమిదే బాబాయ్," అంటూ ఉంది పక్కనుంచి ఆ అమ్మాయి. అరగంట అయింది. ఆ తండ్రి కొడుకుని తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ తీసుకొచ్చాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మామ మెట్లెక్కి పైకొచ్చాడు. చుట్టూ చూసి, మాస్టారి పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఆ మాత్ర నీ దగ్గర ఉందా? ఒకటుంటే ఇస్తావా?"

ఏదో జోకు వస్తుందని మాస్టారు కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

"ఎవరికి మామా?"

"నాకే. రెండేళ్ళయింది నిద్ర పోయి. మా ఆవిడ పోయినప్పటి నుంచి." మామ అరచేతులు చూసుకుంటున్నాడు. నూనె మరకలు గీతల్లోకి ఇంకిపోయి ఉన్నాయి. "పగలు ఏదో ఒకటి వాగుతూ గడిపేస్తా. ఇంటికెళితే గోడలు మీదికొస్తాయి. ఈమధ్య నిచ్చెన మీదుంటే, చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది అనిపిస్తోంది. ఎవరికీ చెప్పలేదు."

పది వారాలు మాస్టారు ఆ మనిషి పక్కనే బుట్టలు కడిగాడు, ఏమీ కనిపెట్టలేదు. జేబులో మాత్రలేమీ లేవు. ఉన్నా ఇచ్చేవాడు కాదు.

"నా మాత్ర నీకు పడదు మామా. ఎవరి కొలత వాళ్ళకుంటుంది. నువ్వు బీపీ మాత్రలు వేసుకోవడం కింద రోజూ చూశాను, దానికీ దీనికీ ఏమవుతుందో నాకేం తెలుసు? నువ్వు లే. ఇప్పుడే వెళదాం."

"ఇప్పుడా? పంపు ఎవరు చూస్తారు?"

"కుర్రమాస్టరు చూస్తాడు. నేను మేనేజరమ్మకి చెప్పి వస్తాను. నువ్వు ఇక్కడే కూర్చో. నిచ్చెన జోలికి పోకు."

కాపలా అమ్మాయిని మామ పక్కన కూర్చోబెట్టి, మాస్టారు ఆఫీసు గదికి దాదాపు పరుగున వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మామ ఎక్కడివాడక్కడే ఉన్నాడు, టోపీ రెండు చేతులతో నలుపుతూ. ఇద్దరూ బస్సెక్కారు. దారి పొడుగునా మామ కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టరమ్మ ఆసుపత్రిలో బెంచీ మీద వరసలో నలుగురున్నారు. మాస్టారు వెళ్ళి చీటీలిచ్చే కిటికీ దగ్గర మనిషితో వంగి నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఆమె లేచి లోపలికెళ్ళి, వెంటనే తలుపు తెరిచి పట్టుకుని, మామని రమ్మని చెయ్యి ఊపింది.

మామ లేవలేదు. "ఏమని మొదలుపెట్టాలి?" అన్నాడు.

"నిచ్చెన దగ్గర్నుంచి," అన్నాడు మాస్టారు, ఆయన మోచెయ్యి పట్టుకుని లేపుతూ.